బహమన్ నెల ఉంగరం

"ఇంకొక్కసారి అడుగుతున్న ఓదెలూ. ఆ ఉంగరం ఎవలది?"

"మా నాయినది."

"మీ మామది కాదు?"

"కాదు."

"మరి మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

కటకటాల అవతల గోడకు వీపు ఆనించి కూర్చున్న ఓదెలు వెంటనే పలకలేదు. యాభై ఏళ్ళ మనిషి. బండలు కొట్టే పనిలో భుజాలు గట్టిపడ్డాయి గానీ, ఠాణాకు వచ్చిన ఈ కొద్ది రోజులకే మొహం పీక్కుపోయింది. గోటితో నేల మీద ఏదో గీస్తున్నాడు. గీసిందాన్ని అరచేత్తో తుడిచేస్తున్నాడు, మళ్ళీ గీస్తున్నాడు.

"నేను పుట్టకముందు సంది ఉన్నది. పెట్టెల ఉండె," అన్నాడు చివరికి.

ఆ ఆలస్యాన్ని లింగమూర్తి అలసట కిందికే జమకట్టాడు. ఎస్సైగా పనిచేసి, లాకప్ గొడవ ఒకదానిలో పైవాళ్ళతో పడక రాజీనామా పారేసి, చందానగర్‌లో కిరాణా కొట్టు మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. మాటకూ మాటకూ మధ్య ఖాళీని చూసి అబద్ధాన్ని పట్టేయగలనని పేరు. ఆ పేరు ఆ వేళ అక్కరకు రాలేదు.

"మీ నాయిన నిజాం ఫౌజుల చేరిండు. పోలీసు యాక్షన్ అప్పుడు పోయిండు. అవునా? ఫౌజు మనిషి ఉంగరం ఇంట్ల పెట్టి పోయిండా?"

"పెట్టి పోయిండు."

"చూసినవా నువ్వు?"

"నేను మా అవ్వ కడుపుల ఉన్న సారూ అప్పుడు."

"అయితే మీ అవ్వనే అడుగుత."

ఓదెలు గబుక్కున తలెత్తాడు. అప్పటిదాకా ఆరిపోయినట్టున్న కళ్ళలో నిప్పు కనబడింది. "మా అవ్వ జోలికి పోకుండ్రి. ముసల్ది. దానికేం ఎర్క? నన్నేమన్న చేసుకోండ్రి, ఉరెయ్యండ్రి, నేను దస్తకత్ పెడత. మా అవ్వ జోలికి మాత్రం పోవద్దు."

"ఉరేస్తమంటే సంతకం పెట్టెటోనికి డిటెక్టివ్ ఎందుకయ్యా? నీ భార్య నా ఆఫీసు మెట్ల మీద కూసోని ఏడ్చిందని వచ్చిన."

ఓదెలు మొహం గోడకు తిప్పుకున్నాడు. "భాగ్యకు చెప్పుండ్రి, ఇగ నాకోసం తిరగొద్దని."



కేసు చూడబోతే సూటిగానే ఉంది, అందుకే భయంకరంగా ఉంది. హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక, ప్రహరీ కట్టిన ఖాళీ జాగాకు కాపలాదారు సాయిలు, ఓదెలుకు పిల్లనిచ్చిన మామ. నిజాం ఫౌజులో పనిచేసిన ముసలి సిపాయి, ఎనభైకి దగ్గర పడ్డవాడు. గురువారం తెల్లవారేసరికి తన రేకుల షెడ్డు వెనక రాతి గుండు కింద తల పగిలి పడి ఉన్నాడు. కుడిచేతి వేలికి ఎప్పుడూ ఉండే వెండి ఉంగరం లేదు. వేలి కణుపు మీద తోలు గీరుకుపోయింది. ముందురోజు మునిమాపున అన్నం గిన్నె పట్టుకొచ్చింది కూతురు భాగ్యమ్మ మొగుడు ఓదెలు. నార్సింగిలో ఓదెలు ఇల్లు వెతికితే, జొన్నల డబ్బా అడుగున వెండి ఉంగరం దొరికింది. సాయిలుకున్న అరెకరం భూమి కోసమే చంపాడని పోలీసులు రాసుకున్నారు. రేపు కోర్టులో ఆ ఉంగరం పెడతారు. అది సాయిలుదైతే ఓదెలు పని అయిపోయినట్టే. కాదని తేలితే, ఆ గుండుకూ ఓదెలుకూ ముడి పెట్టేందుకు పోలీసుల చేతిలో ఇంకేమీ లేదు.

లింగమూర్తి లేచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గదిలోకి నడిచాడు.

"రండి లింగమూర్తి గారూ, రండి. వదిలేసిన ఉద్యోగం మీద ఇంకా మమకారం చావలేదన్నమాట!" రామ్మోహనరావు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు. ఇద్దరూ ఒకే బ్యాచి. రామ్మోహనరావు కోస్తా నుంచి వచ్చి మీసం నెరిసేలోగా సర్కిల్ అయ్యాడు, లింగమూర్తి ఇక్కడే పుట్టి స్కూటరు మీద తిరుగుతున్నాడు.

"ఉద్యోగం మీద కాదు సార్, మీ చాయ్ మీద. జర ఉంగరం గూడ చూపిస్తే చాయ్‌లకు బిస్కెట్ అయితది."

"చూపిస్తానండి. చూసి, ఆ అమ్మాయికి నిజం చెప్పి పంపించండి. ఊరికే ఆశ పెట్టడం పాపం."

ప్లాస్టిక్ సంచిలోంచి ఉంగరం బల్ల మీదికి జారింది. లింగమూర్తి జేబులోంచి భూతద్దం తీశాడు. పాత వెండి. పైన కోలగా పలక. దాని మీద ఒకదానినొకటి దాటే రెండు బల్లాలు, కింద ఉర్దూ అంకెల్లో నంబరు: నాలుగు వందల పన్నెండు. పలక బాగా అరిగిపోయింది, బల్లాల మొనలు వెతికి చూస్తే గానీ కనబడవు. కింది కట్టు మాత్రం దళసరిగా, మొన్న పోతపోసినట్టు ఉంది. లోపలి వైపు సన్నని చెక్కుడు, చెక్కు చెదరలేదు.

"లోపలుంది చూడండి అసలు సంగతి," రామ్మోహనరావు వేళ్ళు మడిచాడు. "సాయిలు ఫౌజులో చేరింది పెద్ద యుద్ధం మొదలయ్యే ముందేడు. అంటే ముప్ఫై ఎనిమిది. కొండాపూర్లో ఏ ముసలాడినడిగినా చెబుతాడు. నంబరు పడిన నెలలోనే ఇలాంటి ఉంగరం చేయించుకోవడం ఆ దళంలో ఆచారమట, ఇద్దరు పాత సిపాయిలు సాక్ష్యం ఇచ్చారు. ఇక ఉంగరం మీదున్న సంవత్సరం. ఉర్దూ మాస్టారిని పిలిపించి చదివించానండి. పదమూడు వందల యాభై ఏడు. హిజ్రీ. లెక్క కట్టించాను. అచ్చంగా ముప్ఫై ఎనిమిదే! ఓదెలు తండ్రి అప్పటికి గోచీ పెట్టుకుని గొర్రెలు కాస్తూ ఉంటాడు. ఏమంటారు?"

లింగమూర్తి మళ్ళీ ఉంగరం మీదికి వంగాడు. అంకెల్ని తనూ చదివాడు, యాభై ఏడే. భూతద్దాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. అంకెలకు ముందు ఒక మాట ఉంది.

"మీ మాస్టారు ఈ మాట చదవలేదా సార్?"

"చదివారు. బహమన్ అన్నారు. ఏదో నెల పేరుట. నెలేదైతే మనకేంటండీ, సంవత్సరం కావాలి గానీ."

లింగమూర్తి భూతద్దం దించి కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా రోజుల తర్వాత అతని మొహం మీదికి నవ్వులాంటిది వచ్చింది.

"నెలనే కావాలె సార్. ఆ మాస్టారు వయసెంత?"

"కుర్రాడే. ఏం?"

"అందుకే. హిజ్రీల మొహర్రం ఉంటది, సఫర్ ఉంటది, రంజాన్ ఉంటది. బహమన్ ఉండది. బహమన్ ఉండేది నిజాం కచేరీ లెక్కల. ఫసలీల. మా తాత మాలీపటేలు సార్. ఆజూర్, దై, బహమన్ అనుకుంటనే శిస్తు వసూలు జేసిండు, అనుకుంటనే సచ్చిండు. ఇంట్ల పిల్ల పుట్టినా, బర్రె ఈనినా ఆ నెలల్లనే చెప్పెటోడు."

"ఫసలీ మాకు తెలియదనుకుంటున్నారా? మా జిల్లాలోనూ అడంగల్ మీద వేస్తారు. పొలాలకు వేస్తారండీ, వేళ్ళకు వెయ్యరు!"

"మీ దిక్కు దొరతనం అంగ్రేజోళ్ళది. జీతమిచ్చే తారీకు వేరు, శిస్తు కట్టే ఏడు వేరు. ఈడ సర్కారుకు ఉన్నదే గది. జీతం ఫసలీల, సెలవు ఫసలీల, సిపాయికి నంబరు పడ్డా ఫసలీల. ఇగ లెక్క జూడుండ్రి. పదమూడు వందల యాభై ఏడుకు ఐదు వందల తొంభై కలుపుండ్రి."

రామ్మోహనరావు కలపనక్కర్లేదన్నట్టు పెన్ను పక్కన పెట్టాడు. అప్పటికే మనసులో కలిపేశాడు.

"నలభై ఏడు," అన్నాడు లింగమూర్తి. "బహమన్ అంటే డిసెంబరు. దేశానికి స్వతంత్రం వచ్చినంక, నిజాం ఫౌజుకు ఆఖరి భర్తీ. సాయిలు అప్పటికి తొమ్మిదేండ్ల పాత సిపాయి. కొత్త నంబరు ఉంగరం ఎందుకు జేయిస్తడు? ఓదెలు నాయిన చేరింది నలభై ఏడు దసరా దాటినంక. కొండాపూర్ ముసలోళ్ళను అడిగినట్టే నార్సింగి ముసలోళ్ళను గూడ అడగాల్సింది సార్."

రామ్మోహనరావు ఉంగరాన్ని మళ్ళీ సంచిలోకి తోశాడు. ఓడిపోయినప్పుడు కేకలు వేసే రకం కాదతను. ఓడిపోయినప్పుడే మెదడు చురుకుగా పనిచేసే రకం. లింగమూర్తి అది మరిచిపోయాడు.

"పెట్టెలో ఉండాల్సిన ఉంగరం జొన్నల డబ్బాలోకెందుకు దిగిందండి మరి?"

"పోలీసులొస్తున్నరంటే మా ఊళ్ళల్ల పుస్తెలతాడు గూడ పొయ్యిల దాస్తరు సార్. అది నేరం కాదు, అనుభవం."

"బాగుంది. అయితే ఇది ఓదెలు తండ్రిదని చెప్పే మనిషెవరు?"

"వాళ్ళవ్వ ఉన్నది. సక్కుబాయి. కోడలు మాట మీరు నమ్మరు. అవ్వను అడుగుండ్రి. కట్టుకున్నోని ఉంగరం ఆడిది గుర్తుపట్టకపోతదా? నేను చెప్పుడెందుకు, మీరే పోండ్రి."

"వెళ్తానండి. పొద్దు వాలేలోగానే వెళ్తాను." రామ్మోహనరావు మర్యాదగా లేచి నిలబడ్డాడు. "నాకు కావలసింది దోషి లింగమూర్తి గారూ, ఓదెలే కానక్కర్లేదు. థాంక్సండీ."

బయట ప్రహరీ నీడలో భాగ్యమ్మ గొంతుక్కూర్చుని ఉంది. లింగమూర్తిని చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంటూ లేచింది.

"ఏమాయె సారూ?"

"ఆ ఉంగరం మీ అయ్యది కాదమ్మా. తారీకు కలుస్తలేదు. మీ మామది."

ఆమె ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. "అంటే ఈనె వస్తడా సారూ? ఇంటికొస్తడా?"

"రేపు బెయిలు అడుగుదం."

"మా అయ్య పోయిండు. ఆయన ఎట్లైన రాడు. ఏడుద్దమంటే ఏడుపు గూడ వస్తలేదు సారూ, ఈనె లోపల ఉన్నడని. మా అయ్య ఈన్ని కన్నకొడుకు లెక్క జూసిండు. దిక్కులేని ముండమోపి కొడుకును వెతుక్కుంట పోయి పిల్లనిచ్చిండు, ఊరంత నోరెళ్ళబెట్టింది. ఈనె మా అయ్య మీద చెయ్యేస్తడా? మీరే చెప్పుండ్రి."

"మీ అయ్య ఉంగరం మీద ఏముండెనమ్మా? యాదికున్నదా?"

"ఏముండెనో ఏమో. మా అయ్య గుప్పిట ఇప్పెటోడు కాదు. చిన్నప్పుడు ఒకసారి ఏలు పట్టి తిప్పబోతే చెంప మీద ఒక్కటిచ్చిండు. ఆ ఒక్కపారే కొట్టిండు నన్ను." ఆమె ఆ దెబ్బను తలుచుకుని కన్నీళ్ళతోనే నవ్వింది.

ఆమెను నార్సింగి బస్సెక్కించి లింగమూర్తి స్కూటరు తీశాడు. ఒక పని మిగిలింది. ఠాణాలో ఉన్నది సాయిలు ఉంగరం కాకపోతే, సాయిలు ఉంగరం వేరే ఎక్కడో ఉండాలి. అది దొరికితే రేపు కోర్టులో ఇక అడ్డే లేదు.

షెడ్డు తలుపుకు తాళం లేదు. పోలీసులు చూడవలసింది చూసి దగ్గరికి వేసి పోయారు. లోపల ఇనుప మంచం, మేకుకు ఖాకీ కోటు, నీళ్ళ కుండ, దాని మీద బోర్లించిన సీమ మగ్గు. వెనక ప్రహరీ అవతల బండలు పేలుస్తున్నారు, పేలినప్పుడల్లా రేకులు గణగణమంటున్నాయి. లింగమూర్తి ముందు గుండు కిందికి వెళ్ళాడు. నెత్తురు మరక మీద ఎవరో మట్టి పోశారు. పడిన చోటి నుంచి నీళ్ళు పారే వాలు దాకా మోకాళ్ళ మీద వెతికాడు. పుల్లతో గడ్డి దుబ్బులన్నీ కదిపాడు. బీడీ ముక్కలు, సీసా పెంకులు, ఒక చెప్పు. ఉంగరం లేదు.

షెడ్డులోకి వచ్చి మంచం ఎత్తి చూశాడు. కోటు జేబులు తిప్పాడు. మంచం కింద గోడవారగా సాయిలు లాఠీ ఉంది. నల్లబడిన పాత వెదురు, చేతి పట్టు దగ్గర నూనె పోసినట్టు నిగనిగలాడుతోంది. దాన్ని పక్కకు పెట్టబోయి, అలవాటుగా పిడికిట పట్టాడు.

వేలి మొదలు కింద ఏదో పల్లం తగిలింది.

వెలుతురులోకి తెచ్చి చూశాడు. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని వెదురులో పడిన గుంట. ఉంగరం పెట్టుకున్న చేత్తో కర్ర పట్టేవాళ్ళకు అలాంటి గీత పడటం మామూలే. కట్టు రాసుకుంటుంది, తీగ మందాన సన్నని గీత పడుతుంది. ఇది సన్నని గీత కాదు. బొటనవేలి గోరంత వెడల్పు. కోలగా ఉంది. ఒక ఉంగరం ముఖం సరిగ్గా ఇమిడేంత.

లాఠీ పట్టుకునే లింగమూర్తి మంచం మీద కూర్చున్నాడు.

ఎవరైనా ఉంగరం ముఖం పైకి పెట్టుకుంటారు, పదిమందికి కనబడాలని. సాయిలు ముఖాన్ని అరచేతి వైపు తిప్పి పెట్టుకున్నాడు. ఎవరికీ కనబడకూడదని. గుప్పిట ఇప్పని మనిషి. కూతురు ముట్టుకుంటే కొట్టిన మనిషి. అలా పెట్టుకున్న ఉంగరానికి అరిగేది ముఖం, నిలిచేది కట్టు. ఠాణాలో బల్ల మీద తాను భూతద్దం పెట్టి చూసింది సరిగ్గా అదే కదా! పలక అరిగిపోయి, కట్టు కొత్తదానిలా దళసరిగా. చూశాడు, చూసి వదిలేశాడు. తేదీ దొరికిన సంబరంలో కళ్ళు మూసుకుపోయాయి. పెట్టెలో యాభై ఏళ్ళు పడుకున్న ఉంగరం అరగదు. ఆ ఒక్క మాట చాలు, ఓదెలు అబద్ధం చెప్పాడనడానికి.

తేదీ తప్పు కాదు. ఉంగరం ఓదెలు తండ్రిదే. కానీ అది పెట్టుకుని తిరిగింది సాయిలు.

సాయిలు ఇంకొకడి ఉంగరం వేలికి ఎక్కించుకుని ఫౌజు నుంచి ఇంటికొచ్చాడు. ఆ ఇంకొకడు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడో వెతుక్కుంటూ పోయి వాడి కొడుక్కే పిల్లనిచ్చాడు. ఊరు నోరెళ్ళబెట్టింది, ఎందుకిచ్చాడో ఎవరూ అడగలేదు. పొద్దున తాను చెప్పిన లెక్క వల్ల ఓదెలు విడుదల కాడు. అరెకరం భూమి కోసం చంపాడన్న పోలీసుల మాట గాలికి కొట్టుకుపోయేదేమో, ఆ భూమి ఎలాగూ కూతురికే వస్తుంది. ఇప్పుడు అసలైన కారణం దొరికింది. తన తండ్రి ఉంగరాన్ని మామ వేలికి చూసిన కొడుకు. ఓదెలు మెడకు ఆ తాడు పేనింది రామ్మోహనరావు కాదు, తాను. పేనిందే కాక, కొస ఎక్కడుందో కూడా చూపించాడు. పోయి వాళ్ళవ్వను అడుగుమన్నాడు!

లాఠీని ముక్కలు చేసి క్వారీ గుంటలోకి విసిరేద్దామనిపించింది. చేతులు రాలేదు. ఉద్యోగం వదిలినా ఆ చేతులు పోలీసువే. ఉన్నచోటే గోడవారకు తోసి, స్కూటరు దగ్గరికి పరుగెత్తాడు.

నార్సింగిలో ఓదెలు ఇల్లు ఊరి చివర. జీపు ఇంకా రాలేదు. లింగమూర్తికి ఊపిరి అందింది. సక్కుబాయి గడపమీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. ముసలిది, ఎముకల గూడు. భుజాల నిండా కొంగు కప్పుకుని ఉంది. భాగ్యమ్మ బోరింగు కాడికి నీళ్ళకు పోయిందట.

"అవ్వా, నేను ఓదెలు తరఫు మనిషిని. టైం లేదు. ఆ ఉంగరం సాయిలు ఏలికి ఉన్నదని నీకు ఎప్పుడు ఎర్కయ్యింది?"

చేట ఆగింది. ముసలిది అతన్ని ఎగాదిగా చూసింది. దాచుకునే మనిషి చూపు కాదది. ఎవరైనా అడుగుతారా అని చాలాకాలం చూసిన మనిషి చూపు.

"బోనాలనాడు," అంది. "ఇయ్యంకుడు వచ్చిండు. ఎప్పుడొచ్చినా తన మగ్గు తనే తెచ్చుకునెటోడు, అండ్లనే తాగెటోడు. ఫౌజోని ఎచ్చులు అనుకున్న. ఆనాడు మగ్గు మర్సిండు. ఎండల నడిసొచ్చి, నోరెండి, దోసిలి పట్టిండు. నేను చెంబుతోని నీళ్ళు పోసిన. రెండు చేతులు ఇప్పి నా ముంగట పట్టిండు సారూ. నీళ్ళ కింద అవుపడ్డది. రెండు బల్లాలు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలె. నీళ్ళు పోసిన. దూప తీరెదాకా పోసిన." చేటలో జొన్నల్ని ఒక పక్కకు నెట్టింది. "ఆయన పోయినంక నా కొడుక్కు చెప్పిన. అడగమన్న. కొట్టమనలె, సంపమనలె. ఎట్ల వచ్చిందో అడిగి రమ్మన్న. సంపి తీసిండా, సచ్చినంక తీసిండా, గింతే. నా కొడుకు కొన్ని దినాలు ఊకున్నడు. ఆఖరుకు అన్నం గిన్నె పట్టుకొని పోయిండు. ఉంగరంతోని వచ్చిండు. ఏం జెప్పిండో, ఏం ఇన్నడో, నా కొడుకు నోరిప్పలె. ఉంగరం నా చేతుల పెట్టి పండుకున్నడు."

లింగమూర్తి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అవ్వా, ఇప్పుడు పోలీసు వస్తడు. ఉంగరం నీ మొగనిదేనా అని అడుగుతడు. అవునను. ఎప్పుడొచ్చింది అంటే, పెట్టెల ఉండె అను. నీ కొడుకు చెప్పిన మాటే చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. నీ కాళ్ళు మొక్కుత. ఆ ఒక్క అబద్ధంతోని కొడుకు ఇంటికొస్తడు."

"పెట్టెల ఉంటే," అంది సక్కుబాయి నెమ్మదిగా, "ఆయన ఇంట్ల పెట్టి పోయినట్టు. మరి ఆయన ఎట్ల సచ్చిండు?"

"అదిప్పుడు అవసరమా అవ్వా?"

"నీకు అవసరం లేదు. మీ ఎవ్వలికీ అవసరం లేదు. ఆయన తప్పిపోయిండు అన్నరు. పారిపోయి ఇంకోదాన్ని కట్టుకున్నడు అన్నరు. బొట్టు తీయాల్నో ఉంచుకోవాల్నో తెల్వక ఐదేండ్లు ఉంచుకున్న. దినం జెయ్యలె. పీనుగ రాలె, ఎముక రాలె. ఉంగరమొక్కటి వచ్చె. దాన్ని గూడ పెట్టెల ఉండె అనమంటవ్?"

"నీ కొడుకు బతుకవ్వా!"

ముసలిది మళ్ళీ చేట అందుకుంది. 

సందు మొగలో జీపు ఆగిన చప్పుడైంది. ముందు రామ్మోహనరావు దిగాడు. వెనకాలే నీళ్ళ బిందె చంకన పెట్టుకుని భాగ్యమ్మ దాదాపు పరుగున వస్తోంది. దారిలోనే అతను ఏదో మంచిమాట చెప్పి ఉంటాడు, ఆమె మొహం విప్పారి ఉంది.

"ముందే వచ్చేశారా లింగమూర్తి గారూ! నేనే పిలుద్దామనుకున్నాను, సాక్షిగా ఉంటారని," రామ్మోహనరావు బూట్లు గడప బయటే విడిచాడు. ముసలిదాని ముందు వంగి చేతులు జోడించాడు. "అమ్మా, నమస్కారమండి. మీ ఆయన పేరేంటమ్మా?"

సక్కుబాయి పలకలేదు.

"పేరు చెప్పది సార్ మా అత్త," భాగ్యమ్మ బిందె దించుతూ సిగ్గుగా అంది. "మా దిక్కు మొగని పేరు నోటితోని తియ్యం. నేను చెప్పనా?"

"నువ్వుండు," అంది ముసలిది. చేట పక్కన పెట్టి, భుజం మీది కొంగు తీసి, ఎడమ చెయ్యి చాపింది. ముడతలు పడిన ముంజేతి మీద పచ్చబొట్టు. వడలిన తోలులో వంకర తిరిగినా స్పష్టంగానే ఉంది. ఒకదానినొకటి దాటే రెండు బల్లాలు. కింద నాలుగు వందల పన్నెండు, ఉర్దూ అంకెల్లో. పేరు పలకరాదు గనుక, సెలవుకొచ్చిన మొగుడి వేలి మీది ఉంగరాన్ని చూపించి జాతరలో పొడిపించుకున్న బొట్టు. ఎవరైనా అడిగితే చెయ్యి చాపడానికి.

రామ్మోహనరావు జేబులోంచి సంచి తీసి, ఉంగరాన్ని ఆ చేతి పక్కన పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సూసిండ్రా సార్!" భాగ్యమ్మ కేకపెట్టింది. "మా మామదే! మా ఇంటిదే! ఈనె దొంగ కాదు, ఈనె ఏం జెయ్యలె!" ఏడుస్తూ నవ్వుతూ లింగమూర్తి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. లింగమూర్తి ఆ చేతుల్ని చూడలేక నేల చూపులు చూశాడు.

"నిజమేనమ్మా, మీ ఆయనదే," అన్నాడు రామ్మోహనరావు. అతని బొటనవేలు ఉంగరం పలక మీద మెల్లగా తిరుగుతోంది. అరిగిన ముఖం మీద ఒకసారి, దళసరి కట్టు మీద ఒకసారి. వేలు ఆగింది. అతనికీ అర్థమైంది. గొంతు ఇంకా మెత్తబడింది. "మీ ఆయన ఎలా పోయారమ్మా?"

"సార్, ముసలామెను రేపు కోర్టుల..." అంటూ లింగమూర్తి అడ్డం రాబోయాడు.

సక్కుబాయి చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"యాభై ఏండ్లాయె. ఒక్క సర్కారోడు గూడ గీ మాట అడగలె," అంది రామ్మోహనరావు మొహంలోకి చూస్తూ. "కూసో బిడ్డా. మొదలు కెల్లి చెప్త."

భాగ్యమ్మ గబగబా లోపలికి పోయి పీట తెచ్చి, కొంగుతో తుడిచి, ఆయనకు వేసింది.